కంటికీ నడుముకీ ఏం సంబంధం అక్కా?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక చెల్లి రాసింది. ఉత్తరం పెద్దదే, ముఖ్యమైన ముక్క ఇక్కడ పెడుతున్నా.

"నమస్తే అక్కా. మా తమ్మునికి 28 ఏండ్లు, గచ్చిబౌలిల జాబ్. మూడు వారాల కింద ఎడమ కన్ను ఎర్రగైంది. కళ్లకలక అనుకొని మెడికల్ షాపుల అడిగితే ఏవో చుక్కలిచ్చిండ్రు, రెండు రోజులు తగ్గి మళ్ల ఎక్కువైంది. లైట్ చూడలేకపోతుండు, నొప్పి నుదుటి దాక గుంజుతుంది. కంటి దవాఖానకు తీస్కపోతే డాక్టర్ మేడం మిషన్‌ల చూసి కంటి మధ్య పొరకు వాపొచ్చింది, యువైటిస్ అన్నది. గంటకోసారి వేసే చుక్కలు ఒకటి, రోజుకు మూడుసార్లు వేసేది ఇంకోటి ఇచ్చింది. అవి వేసినప్పట్నుంచి ఫోన్‌ల అక్షరాలు కూడ కనిపిస్తలేవంటుండు. ఎరుపు మూడు రోజులకే పోయింది, ఇగ మందు ఆపేస్తా అంటుండు. దానికి తోడు రక్త పరీక్షలు, ఛాతి ఎక్స్‌రే, నడుము ఎక్స్‌రే రాసిండ్రు. కంటికి నడుముకు ఏం సంబంధం అక్కా, పైసల కోసమేనా? అమ్మేమో కంప్యూటర్ ముంగట కూసొని వేడి చేసింది, నందివర్ధనం పూలు పెట్టు అంటది. పోయినేడు కుడి కన్ను కూడ గిట్లనే ఎర్రగై దానంతటదే తగ్గింది. అసలు ఈ మధ్య పొర అంటే ఏంది? మా అందరికి కూడ అంటుకుంటదా?"

చెల్లీ, ముందు ఒక్క మాట, మిగతాదంతా తర్వాత. చుక్కలు ఆపొద్దని తమ్ముడికి ఈ రోజే చెప్పు. ఎరుపు పోవడం వేరు, లోపల వాపు పోవడం వేరు, ఈ రెండింటికీ మధ్య చాలా రోజుల తేడా ఉంటుంది, ఆ తేడాలోనే కన్ను పాడయ్యేది. నేను డాక్టర్ని కాదు, కంటి పరీక్షలు చేసే ఆప్టోమెట్రిస్ట్‌ని, చాలా ఏళ్లుగా కంటి క్లినిక్‌లో స్లిట్ లాంప్ ముందు కూర్చుంటున్నా, మీ తమ్ముడు గడ్డం ఆనించి కూర్చున్న ఆ మిషనే అది. కాబట్టి మందు మార్చడం, తగ్గించడం నా పని కాదు, మీ డాక్టర్ మేడం పని. కానీ మధ్య పొర అంటే ఏంటో తెలిస్తే ఆవిడ రాసిన ప్రతిదీ ఎందుకు రాసిందో నీకే అర్థమవుతుంది, అందుకని కొంచెం ఓపికగా చదువు.

మన స్కూల్ సైన్స్ పుస్తకంలో దృఢస్తరం, రక్తపటలం, నేత్రపటలం అని చదివాం గుర్తుందా, బైట తెల్లగా గట్టిగా ఉండేది, మధ్యలోది, లోపల వెలుగుని పట్టుకునేది. పరీక్షకి బట్టీ పట్టి మర్చిపోయాం కానీ ఆ మధ్య పొరకి రక్తపటలం అని పేరు పెట్టినాయన చాలా సరిగ్గా పెట్టాడు. మొత్తం మధ్య పొరని డాక్టర్లు యువియా అంటారు, లాటిన్‌లో యువా అంటే ద్రాక్ష. తెల్లగుడ్డు పొరని మెల్లగా వొలిచేస్తే లోపల నల్లగా నిగనిగలాడే గుండ్రటి పండులాంటిది కనిపిస్తుంది, తొడిమ ఊడిపోయిన చోట చిన్న కన్నం ఉన్నట్టు ముందువైపు ఒక రంధ్రం, అదే కనుపాప. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ తోటల్లో పండిన అనాబ్-ఎ-షాహీ లాంటి తెల్ల ద్రాక్ష కాదు, నల్ల ద్రాక్షని ఊహించుకో.

ఈ పొర ఒకటే పొర అయినా మూడు భాగాలు, మూడు వేరు వేరు ఉద్యోగాలు. ముందు భాగం ఐరిస్. మనం నల్లగుడ్డు అంటాం కానీ మన కళ్లలో అది నిజానికి నలుపు కాదు, సాయంత్రం నాలుగింటికి కిటికీ దగ్గర నిలబడి అద్దంలో చూసుకో, వెలుగు పక్క నుంచి పడితే గోధుమ రంగులో సన్నటి దారాలు అల్లినట్టు, అక్కడక్కడా గుంటలు గుంటలుగా కనిపిస్తుంది, నాకు ఇన్నేళ్లయినా చూడబుద్ధేసే దృశ్యం అది. ఆ రంగు మెలనిన్ వల్ల, మన చర్మానికి రంగిచ్చేదే. ఐరిస్‌లో రెండు కండరాలు, ఒకటి కనుపాప చుట్టూ రింగులా ఉండి వెలుగు పడగానే బిగుసుకుంటుంది, ఇంకోటి చక్రం ఆకుల్లా ఉండి చీకట్లో దాన్ని తెరుస్తుంది. మంచి ఎండలో కనుపాప 2 మిల్లీమీటర్ల దాకా చిన్నదైపోతుంది, చీకట్లో కుర్రవాళ్లకి 7, 8 మిల్లీమీటర్ల దాకా పెద్దదవుతుంది. ఇది గుర్తుపెట్టుకో, తమ్ముడి నొప్పి ఇక్కడిదే.

ఐరిస్ వెనకాల, బైటికి కనపడకుండా దాక్కుని ఉండేది సిలియరీ బాడీ. ఇది రెండు పనులు చేస్తుంది. ఒకటి, కంటి లెన్స్‌ని సన్నటి దారాలతో పట్టుకుని ఉంటుంది, దగ్గరది చదవాలంటే ఇందులో కండరం బిగుసుకుంటుంది, దారాలు వదులవుతాయి, లెన్స్ ఉబ్బి గుండ్రంగా అవుతుంది, అక్షరం కనిపిస్తుంది. నలభై దాటాక కండరం బాగానే ఉన్నా లెన్సే గట్టిపడి ఉబ్బదు, అందుకే మన అమ్మలంతా కంటి వెలుగు క్యాంపులో దగ్గర చూపు అద్దాలు తెచ్చుకున్నారు. రెండో పని, కంటి ముందు గదిలో ఉండే నీటిని ఇదే తయారుచేస్తుంది. నిమిషానికి రెండు మూడు మైక్రోలీటర్లు, అంటే మీ తమ్ముడి సీసాలోంచి పడే ఒక్క చుక్కంత నీరు తయారవడానికి సుమారు పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. ఇంత చిన్న పనికే కన్ను నిలబడి ఉంటుంది, ఎందుకంటే నల్లగుడ్డు మీద గాజులా ఉండే కార్నియాకీ, లోపలి లెన్స్‌కీ రక్తనాళాలు ఉండవు, ఉంటే మనకి ఎర్ర తెర కనిపించేది, అందుకని వాటి తిండి చాలావరకు ఈ నీళ్లలోంచే. నీరు ఎంత తయారవుతుందో అంత బైటికి కూడా పోవాలి, కార్నియా, ఐరిస్ కలిసే మూలలో జల్లెడ లాంటి దారి ఉంటుంది. అది మూసుకుపోతే కంటి లోపల ప్రెషర్ పెరుగుతుంది.

మూడోది, వెనకంతా పరుచుకుని ఉండేది కొరాయిడ్, అసలు రక్తపటలం ఇదే. మందం ఒక మిల్లీమీటర్‌లో నాలుగో వంతు అటూ ఇటూ, కానీ కంటికి వచ్చే రక్తంలో సుమారు 85 శాతం దీనిలోంచే పారుతుంది. ఒక గ్రాముకి ఇంత రక్తం అని లెక్కేస్తే ఒంట్లో ఇంత జోరుగా రక్తం తిరిగే చోట్లు చాలా తక్కువ. ఎందుకంత అంటే, రెటీనాలో, అంటే ఇందాకటి నేత్రపటలంలో, వెలుగుని పట్టే కణాలకి తిండి ఎక్కువ కావాలి, వాటికి సొంత రక్తనాళాలు లేవు, పక్కనే ఉన్న కొరాయిడ్ అందించాలి. మనం మనిషి మొహం గుర్తుపట్టేది, బస్ నంబర్ చదివేది రెటీనా నట్టనడుమ ఉన్న చిన్న గుంటతో, అక్కడైతే రక్తనాళం ఒక్కటి కూడా ఉండదు, పూర్తిగా కొరాయిడ్ మీదే ఆధారం. దీనిలో ఉన్న నల్లరంగు, లోపలికొచ్చిన వెలుగు అటూ ఇటూ తగిలి చెదరకుండా మింగేస్తుంది, పాత కెమెరా లోపల నల్లరంగు వేసినట్టు.

ఇప్పుడు నీ ప్రశ్నకి వద్దాం. కంటికీ నడుముకీ సంబంధం ఏంటంటే రక్తం. కంట్లో మిగతావి చాలావరకు పారదర్శకంగా, శుభ్రంగా, ఒంటికి కాస్త దూరంగా ఉండే వస్తువులు, ఈ మధ్య పొర మాత్రం ఒంటితో నేరుగా మాట్లాడుతుంది. ఒంట్లో రోగనిరోధక శక్తి దారితప్పి సొంత ఒంటిమీదే తిరగబడ్డా, ఊపిరితిత్తుల్లో టీబీ ఎక్కడో నక్కి ఉన్నా, ఆ గొడవ రక్తం వెంట వచ్చి ఇక్కడ దిగుతుంది. కళ్లకలక బైటి నుంచి వచ్చే రోగం, చేతుల నుంచీ తువ్వాలు నుంచీ అంటుకుంటుంది. యువైటిస్ ఎక్కువసార్లు లోపల్నుంచి వచ్చేది. అందుకే మీ ఎవరికీ అంటుకోదు, ఒకే కంచంలో తిన్నా, ఒకే మంచంమీద పడుకున్నా. ఆ భయం తీసెయ్.

నడుము సంగతి చెప్తా. హెచ్‌ఎల్‌ఏ-బి27 అని ఒక జన్యు గుర్తు ఉంటుంది, రక్తపరీక్షలో తెలుస్తుంది. అది ఉన్నవాళ్లలో కొందరికి యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అని వెన్నెముక కింద కీళ్లకి వాపొచ్చే జబ్బు వస్తుంది, అదే మనుషులకి కంటి ముందు భాగంలో ఇలాంటి వాపు ఉన్నట్టుండి వస్తుంది, ఎక్కువగా ఒక కంటికే, ఒకసారి ఇటు, ఇంకోసారి అటు. నీ ఉత్తరం చివర్లో పోయినేడు కుడి కన్ను అని ఊరికే రాశావు చూడు, నేను అక్కడే ఆగిపోయా. ఆ సంగతి డాక్టర్ మేడంకి చెప్పారా? చెప్పకపోతే తప్పకుండా చెప్పండి. అది అప్పుడు కళ్లకలకే అయ్యుండొచ్చు, కానీ ఇదే అయితే లెక్క మారుతుంది.

తమ్ముడిని కూర్చోబెట్టి అడుగు. పొద్దున లేవగానే నడుము పట్టేసినట్టు ఉంటుందా, అరగంట పైన పడుతుందా వదలడానికి? అటూ ఇటూ తిరిగితే తగ్గి, పడుకుంటే ఎక్కువవుతుందా? తెల్లవారుజామున నొప్పికి మెలకువ వస్తుందా? మామూలు నడుం నొప్పి పని చేస్తే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది, ఇది దానికి పూర్తిగా ఉల్టా. ఐటీ పిల్లలు కుర్చీ బాగాలేదు, బైక్ మీద గచ్చిబౌలి దాకా గుంతల్లో తిరుగుతున్నా అని ఏళ్ల తరబడి సర్దుకుపోతారు, ఎవరూ అడగరు, వాళ్లూ చెప్పరు. చాలామందికి ఈ నడుము జబ్బు ఉందని మొదట తెలిసేది కంటి డాక్టర్ దగ్గరే. తొందరగా తెలిస్తే వెన్నెముక బిగుసుకుపోకుండా చూసుకోవచ్చు, మందులున్నాయి, వ్యాయామం ఉంది. అలాంటప్పుడు రుమటాలజిస్ట్, అంటే కీళ్లవాతం డాక్టర్ దగ్గరికి పంపిస్తారు, పంజాగుట్ట నిమ్స్‌లో ఆ డిపార్ట్‌మెంట్ ఉంది.

ఇంకో మాట, ఆ రక్తపరీక్ష పాజిటివ్ అని వస్తే భయపడి ఏడవకండి. ఆ గుర్తు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి జీవితంలో ఈ జబ్బులేవీ రావు. అది పుట్టుకతో వచ్చేది కాబట్టి ఒక్కసారి చేయిస్తే చాలు, ఇంకో హాస్పిటల్‌కి వెళ్లినా మళ్లీ మళ్లీ చేయించక్కర్లేదు, రిపోర్ట్ దాచుకోండి.

ఛాతి ఎక్స్‌రే టీబీ కోసం, సార్కోయిడోసిస్ అని ఇంకో జబ్బు కోసం కూడా. మన దేశంలో యువైటిస్ అనగానే టీబీ లేదని తేల్చుకోకుండా చాలామంది డాక్టర్లు నిశ్చింతగా ఉండరు. చేతికి చిన్న సూది వేసి రెండు మూడు రోజులకి రమ్మనే మాంటూ టెస్ట్ కూడా రాసి ఉంటారు. రేపు చుక్కలతో సరిపోక, వాపుతో పాటు రోగనిరోధక శక్తినీ తగ్గించే స్టెరాయిడ్ మాత్రలు ఇవ్వాల్సి వస్తే, లోపల టీబీ ఉండి మనకి తెలియకపోతే అది రెచ్చిపోతుంది, అందుకే ముందు చూసుకోవడం. డబ్బుల కోసమా అని అడిగావు, అడగడంలో తప్పులేదు, నెల జీతాల మీద నడిచే ఇళ్లు మనవి. మొదటిసారి, తక్కువగా వస్తే కొందరు డాక్టర్లు ఈ టెస్టులేవీ రాయరు కూడా, నిజమే. కానీ ఈ వయసు, ఈ కథ చూస్తే నాకు ఇవి అనవసరం అనిపించట్లేదు. అన్నీ ఒకేరోజు చేయించలేకపోతే ఏది ముందు కావాలో మేడంనే నేరుగా అడగండి, చెప్తారు. మెహదీపట్నం సరోజినీ దేవి కంటి ఆస్పత్రి ప్రభుత్వానిదే, బంజారాహిల్స్‌లో ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి 1987 నుంచీ ఉంది, రెండో అభిప్రాయం కావాలంటే ఎక్కడికైనా వెళ్లొచ్చు, కానీ ఈలోపు చుక్కలు మాత్రం ఆగకూడదు.

ఎందుకు ఆగకూడదో ఇప్పుడు చూపిస్తా. ఆరోగ్యంగా ఉన్న కంట్లో ముందు గది నీళ్లు అద్దంలా ఉంటాయి, స్లిట్ లాంప్ సన్నటి వెలుగు గీతని లోపలికి పంపితే మధ్యలో ఏమీ కనపడదు, నల్లగా ఖాళీ. యువైటిస్ వచ్చిన కంట్లో రక్తనాళాల గోడలు కారుతాయి, తెల్ల కణాలు, ప్రొటీన్ నీళ్లలోకి వచ్చేస్తాయి. అప్పుడు అదే గీతలో, పొద్దున్నే తలుపు సందులోంచి పడే ఎండలో దుమ్ము తేలినట్టు, చిన్న చిన్న చుక్కలు మెల్లగా పైకీ కిందకీ తిరుగుతుంటాయి. మేం వాటిని లెక్కపెడతాం, డాక్టర్ ఆ లెక్కని బట్టే మందు ఎంత వెయ్యాలో చెప్తారు. ఎరుపు పోయినా ఆ దుమ్ము ఇంకా తిరుగుతూనే ఉంటుంది, అద్దంలో చూసుకుంటే మీకు కనపడదు, మాకు కనపడుతుంది.

ఆ ప్రొటీన్ జిగురు లాంటిది. ఐరిస్ వెనకే లెన్స్ ఉంది కదా, ఈ జిగురుకి ఐరిస్ అంచు లెన్స్‌కి అతుక్కుపోతుంది. ఒక ఆటో డ్రైవర్ అన్న ఉండేవాడు మా దగ్గర, ఐదో రోజు కన్ను తెల్లబడిందని చుక్కలు ఆపేశాడు, కిరాయిలు పోతాయని రివ్యూకి రాలేదు. రెండు నెలల తర్వాత చూపు మసకగా ఉందని వచ్చాడు. కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేసి చూస్తే గుండ్రంగా తెరుచుకోవాల్సింది మూడు నాలుగు చోట్ల అతుక్కుపోయి, మధ్య మధ్యలో మాత్రం లేచి తంగేడు పువ్వు రెక్కల్లా అయింది. ఆ ఆకారం చూసినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది, ఎందుకంటే అది ఆపగలిగినది. చుట్టూరా అతుక్కుపోతే ఇంకా ప్రమాదం, వెనక తయారైన నీరు ముందుకి రావడానికి దారి ఉండదు, ఐరిస్ ఉబ్బి మూలలో జల్లెడని మూసేస్తుంది, ప్రెషర్ పెరిగి కంటి నరం దెబ్బతింటుంది.

అందుకే రెండో చుక్కల మందు, తమ్ముడు తిట్టుకుంటున్నది. పేరు ఆట్రోపిన్ అనో హోమాట్రోపిన్ అనో ఉంటుంది చూడు. అది ఐరిస్‌నీ సిలియరీ కండరాన్నీ పడుకోబెడుతుంది. వాచిన కండరం వెలుగు పడ్డ ప్రతిసారీ బిగుసుకుంటుంటే బెణికిన కాలితో నడిచినట్టు, ఆ గుంజే నొప్పి అదే. దాన్ని పడుకోబెడితే నొప్పి తగ్గుతుంది, కనుపాప పెద్దగా తెరుచుకుని ఉంటే లెన్స్‌కి అతుక్కునే అవకాశం తగ్గుతుంది. కానీ పడుకున్న కండరం దగ్గర చూపుకి పనిచెయ్యదు, ఫోన్‌లో అక్షరాలు కనపడకపోవడానికి కారణం అది, చూపు పోవడం కాదు. ఆట్రోపిన్ అయితే ఆపాక కూడా వారం పది రోజులు అలాగే ఉండొచ్చు. అన్నాళ్లూ నల్ల కళ్లద్దాలు, ఆఫీసులో అక్షరాలు పెద్దవి చేసుకోవడం, బైక్ జోలికి పోకుండా మెట్రోలో వెళ్లడం.

గంటకోసారి వేసేది స్టెరాయిడ్. ప్రెడ్నిసొలోన్ అసిటేట్ అయితే సీసా కదపకుండా ఉంచితే మందంతా అడుగున తెల్లగా పేరుకుంటుంది, బాగా ఊపి వెయ్యాలి, ఊపకుండా వేస్తే పై నీళ్లు వేసుకున్నట్టే, తగ్గట్లేదని వచ్చే కొందరిలో అసలు కారణం ఇదే. రెండు మందులకి మధ్య ఐదు నిమిషాలు గ్యాప్ ఇవ్వండి, వేశాక కళ్లు మూసుకుని ముక్కు పక్క మూలని వేలితో ఒకట్రెండు నిమిషాలు నొక్కిపట్టండి, లేకపోతే గొంతులోకి జారిపోతుంది. దీన్ని వారాల మీద మెల్లగా తగ్గించుకుంటూ వస్తారు, గంటకోసారి నుంచి రెండు గంటలకి, తర్వాత రోజుకి ఆరు, నాలుగు, అలా. ఒక్కసారిగా ఆపితే వాపు తిరగబెడుతుంది. అలాగని డాక్టర్ చూడకుండా నెలల తరబడి వేసుకోకూడదు కూడా, కొందరికి స్టెరాయిడ్ వల్ల ప్రెషర్ పెరుగుతుంది, ఎక్కువ కాలం వాడితే శుక్లం వస్తుంది. మామూలుగా కంటి ప్రెషర్ 10 నుంచి 21 (mmHg) మధ్య ఉంటుంది, రివ్యూకి వెళ్లిన ప్రతిసారీ ఎంతుందో అడిగి రాసుకోండి.

మెడికల్ షాపు చుక్కల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రెండు రోజులు తగ్గి మళ్లీ వచ్చిందంటే అందులో కొంచెం స్టెరాయిడ్ ఉండి ఉండొచ్చని నా అనుమానం, ఆ సీసా ఉంటే మేడంకి చూపించండి. 2023 వానాకాలంలో సిటీ అంతా కళ్లకలక పాకినప్పుడు జనం ఇలాగే ఎర్రగా ఉందంటే చాలు అందరూ ఒకే చుక్కలు కొనేసుకున్నారు. హెర్పిస్ అనే వైరస్ వల్ల కార్నియా మీద పుండు ఉన్నవాళ్లు స్టెరాయిడ్ ఉన్న చుక్కలు వేసుకుంటే పుండు పెరిగిపోతుంది. తేడా ఇంట్లోనే కొంత తెలుస్తుంది, కళ్లకలకలో పుసి కడుతుంది, పొద్దున రెప్పలు అంటుకుపోతాయి, గరగరలాడుతుంది, పుసి తుడిస్తే చూపు బాగానే ఉంటుంది. యువైటిస్‌లో నీళ్లు కారతాయి కానీ పుసి ఉండదు, ఎరుపు నల్లగుడ్డు అంచు చుట్టూ రింగులా ఎక్కువగా ఉంటుంది, వెలుగంటే భయం, చూపు మసక. ఈ రెండోరకం అనిపిస్తే షాపుకి కాదు, అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి.

అమ్మతో నందివర్ధనం విషయంలో గొడవ పడొద్దు. మూసిన రెప్పల మీద కడిగిన పూలు పెట్టి కాసేపు పడుకుంటే చల్లగా ఉంటుంది, కొడుకు కన్ను చూసి ఆవిడ మనసు ఊరుకోదు కదా. కానీ రసం పిండి కంట్లో వెయ్యడం, ఆముదం, తేనె, పాలు వెయ్యడం వద్దు, గట్టిగా చెప్పు. కంప్యూటర్ వల్ల కళ్లు పొడిబారతాయి, అలసిపోతాయి, మధ్య పొరకి వాపు మాత్రం దానివల్ల రాదు, ఆ పిల్లాడిని ఉద్యోగం పేరు చెప్పి తిట్టకండి.

చూపు ఉన్నట్టుండి ఇంకా తగ్గినా, కళ్ల ముందు కొత్తగా నల్ల చుక్కలో దారాలో తేలుతున్నా, కన్ను, తల పగిలిపోయే నొప్పితో వాంతులైనా రివ్యూ తేదీ దాకా ఆగొద్దు, రాత్రయినా వెళ్లిపోండి. నల్ల చుక్కలు అంటే వాపు వెనక్కి, కొరాయిడ్ వైపు కూడా ఉందేమో చూడాలి, అప్పుడు చుక్కల మందు ఒక్కటే సరిపోదు.

రివ్యూకి వెళ్లేటప్పుడు నువ్వు కూడా వెళ్లు, తమ్ముడు ఒక్కడే వెళ్తే అంతా బాగుంది మేడం అని వచ్చేస్తాడు. మెడికల్ షాపు సీసాతో సహా అన్ని సీసాలూ ఒక కవర్లో వేసుకో, పోయినేడు కుడి కన్ను ఏ నెలలో ఎర్రబడిందో, పొద్దున నడుము ఎంతసేపు పట్టేస్తుందో కాగితం మీద రాసుకుని తీసుకెళ్లు. రిపోర్టులు వచ్చాక ఏం తేలిందో నాకు రాయి చెల్లీ, ఎదురుచూస్తుంటా.